ఎనభై మూడో గూటం

గుడారాల దగ్గర్నుంచి,
జనవరి 8

ఒరేయ్ ఫ్యూజూ,

ఇక్కడ ఫోన్ పనిచేయదు. గుట్ట ఎక్కి చెయ్యెత్తి నిలబడితే ఒక గీత కనిపిస్తుంది, హలో అనేలోపు పోతుంది. అందుకని మళ్లీ ఉత్తరాల్లో పడ్డాం. హాస్టల్ నుంచి రాసే రోజుల్లో నా రాత కోడి గెలికినట్టుందని వెక్కిరించేవాడివి. ఇప్పుడు ఒళ్లో అట్ట పెట్టుకుని రాస్తున్నాను, కోడి కూడా సిగ్గుపడుతుంది. మా జీపు డ్రైవరు ప్రతి గురువారం డీజిలు కోసం మీ ఊరు వస్తాడు. ఇది మీ ఇంట్లో ఇచ్చి, నీ జవాబు పట్టుకొస్తాడు.

నా పనేమిటని నీ భార్య అడిగిందన్నావు. చెప్పు తనకి. మీ ఊరికి రాబోయే పెద్ద కరెంటు లైనుకి టవర్లు ఎక్కడెక్కడ నిలబెట్టాలో ఇంజనీర్లు గూటాలు పాతి, ఎర్రగుడ్డ పీలికలు కట్టి వెళ్లారు. మొదటిది కొండలకి అటువైపు సబ్‌స్టేషన్ దగ్గర, నూట ముప్పై ఆరోది మీ ఆసుపత్రి వెనక. టవర్ల కాళ్లకి గోతులు తీయకముందే, ఆ నేలలో పాతకాలం మనుషుల ఆనవాళ్లు ఉన్నాయేమో మేం చూసి చెప్పాలి. ఆరుగురం వరసగా, మనిషికీ మనిషికీ మధ్య నాలుగడుగులు వదిలి, తలలు వంచుకుని నడుస్తాం. దూరం నుంచి చూస్తే అందరం కలిసి ఒకే ఉంగరం పారేసుకున్నామనుకుంటారు.

పొద్దున్నే మంచు ఉంటుంది. ఎర్ర పీలికలు మాత్రం గాల్లో వేలాడుతూ కనిపిస్తాయి, కింద కర్ర కనిపించదు. అడుగు వేస్తే గడ్డి చప్పుడు వినపడుతుంది గానీ, అది నా అడుగో పక్కవాళ్లదో తెలియదు. ఒక్కోసారి, మేం ఆరుగురమే కాదు, ఇంకెవరో కూడా వరసలో కలిసి నడుస్తున్నారనిపిస్తుంది. ఈ మాట మా మేస్త్రీతో అంటే, "టిఫిను తినకుండా బయల్దేరితే అలాగే ఉంటుందమ్మా" అన్నాడు.

ఏడేళ్లప్పుడు ప్లగ్గులో నా జడపిన్ను దూర్చి వీధంతా చీకటి చేసినవాడు ఇవాళ ఆసుపత్రి ఎలక్ట్రీషియను. వాడి దగ్గరికి వచ్చే లైనుకి ముందు నేను నడుస్తున్నాను. నాకిది ఎంత సంతోషంగా ఉందో నీకు తెలియదు.

పాప పోయి వచ్చే నెలకి ఏడాది. నా మరదలు ఎలా ఉంది? నిద్రపోతోందా? నువ్వు రాయవు గనుక అడుగుతున్నాను.

మీ అక్క

*

జనవరి 22

మట్టక్కా,

నీ ఉత్తరం నిండా ఎర్రమట్టి. విప్పగానే పక్క మీద రాలింది. దులుపుతూ నీ మరదలు కొంచెం నవ్వింది. చాన్నాళ్లకి.

తను బాగానే ఉంది. మళ్లీ మిషను ముందు కూర్చుంటోంది. ఆసుపత్రికి దుప్పట్లు, గలేబులు కుడుతోంది. మాట్లాడమంటే మాట్లాడుతుంది, ఊరుకుంటే ఊరుకుంటుంది. నేనూ అంతేననుకో. ఇద్దరం కలిసి ఒకే ఇంట్లో అద్దెకుంటున్నవాళ్లలా మర్యాదగా ఉన్నాం.

ఇక్కడ నా బతుకంతా జనరేటరుతోనే. దానికి ముసలాయన అని పేరు పెట్టాం. రోజుకి ఆరేడు సార్లు కరెంటు పోతుంది, పోయినప్పుడల్లా ముసలాయన దగ్గి, కళ్లు తెరిచి, పని అందుకోవాలి. పసిపిల్లల వార్డులో తొమ్మిది గాజు పెట్టెలున్నాయి. నెలలు నిండక పుట్టినవాళ్లు వాటిలో పడుకుని, ఏవో కలలు కంటున్నట్టు కనురెప్పలు కదిలిస్తుంటారు. ముసలాయన దగ్గితే వాళ్లు కూడా ఉలిక్కిపడతారు. ఆ పెద్ద లైను వస్తే ఈ దగ్గు విననక్కర్లేదు. వానలకి ముందే ఇచ్చేస్తామని ఇంజనీరు గారు మా డాక్టరమ్మతో చెప్పారట.

కాబట్టి తల కొంచెం తక్కువ వంచి, కొంచెం వేగంగా నడవండి. ఉంగరం తర్వాత వెతుక్కోవచ్చు.

నీ ఫ్యూజు

*

ఫిబ్రవరి 5

ఒరేయ్ ఫ్యూజూ,

ఎనభై మూడో గూటం దగ్గర ఆగాం.

అదొక చిన్న దిబ్బ. మోకాలెత్తు గడ్డి, గాలి వీస్తే దిబ్బంతా ఒక పక్కకి ఒత్తిగిలినట్టుంటుంది. మేస్త్రీ తాపీతో గీకుతూ గీకుతూ చెయ్యి ఆపాడు. "చప్పుడు మారిందమ్మా" అన్నాడు. వంగి చూస్తే అలికినట్టు నున్నటి నేల. ఎవరిదో ఇల్లు. ఒక మూల పొయ్యి, మసి ఇంకా నల్లగానే ఉంది. మూడు వేల ఏళ్ల కిందటి మసి వేలికంటింది. మేస్త్రీ చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. నేనూ విప్పాను. ఎందుకో అడక్కు.

కొన్ని కుండలు కూడా బయటపడ్డాయి. వంటింటి కుండలే, కొత్తేమీ లేదు. ఒక పదిహేను రోజులు ఇక్కడే ఉంటాం.

ఇంజనీరు గారు వచ్చి చూశారు. పాపం, మంచాయన. గుంత చుట్టూ రెండుసార్లు తిరిగి, "మేడమ్, పైవాళ్లు అడిగితే బండ వచ్చిందంటే బండ అని రాస్తాను, నీళ్లు వచ్చాయంటే నీళ్లని రాస్తాను. కుండలొచ్చాయని ఎలా రాయమంటారు?" అన్నారు. "కుండలు అనే రాయండి" అన్నాను. "స్పెల్లింగు తెలుసు మేడమ్, ధైర్యమే లేదు" అన్నారు.

మధ్యాహ్నాలు గుడారం గుడ్డలోంచి పసుపుపచ్చని వెలుగు పడుతుంది. ఆ వెలుగులో కన్ను మూతపడితే, ఆ ఇంటి తలుపు ఎటువైపు ఉండేదో తెలిసిపోయినట్టుంటుంది. లేచాక మరిచిపోతాను.

మరదలికి ఈ నెల కష్టంగా ఉంటుంది. కనిపెట్టుకుని ఉండు.

మీ అక్క

*

ఫిబ్రవరి 19

అక్కయ్యకి,

లైను పని ఆగిపోయిందని ఆసుపత్రిలో అందరికీ తెలిసింది. కుండల కోసం ఆపారని తెలిసింది. ఆపినావిడ మా అక్కే అని కూడా తెలిసింది. నేను వరండాలో నడుస్తుంటే నర్సులు మాట ఆపుతున్నారు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ముసలాయన లేవలేదు. ఇరవై రెండు నిమిషాలు. బెల్టు తెగింది. నేను దాని కింద పడుకుని ఉంటే, లోపల నర్సులు పిల్లల్ని పెట్టెల్లోంచి తీసి తమ గుండెలకి ఆనించుకుని, పైన దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారట. తొమ్మిది మంది పిల్లలు, ఆరుగురు నర్సులు. మిగతా ముగ్గుర్నీ ఎవరెత్తుకున్నారో తెలుసా? డాక్టరమ్మ, వంటమనిషి, చూడ్డానికొచ్చిన ఎవరి తాతో. ఎవరికీ ఏమీ కాలేదు. ఈసారికి.

నీ కుండలు మూడు వేల ఏళ్లు ఆగాయి. ఇంకా ఆగగలవు. ఇక్కడి పిల్లలు పదకొండు సెకన్లు కూడా ఆగలేరు.

వంటింటి కుండలని నువ్వే రాశావు. వంటింటి కుండలు ప్రతి దిబ్బలోనూ దొరుకుతాయి కదా.

తమ్ముడు

*

మార్చి 5

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది.

లైను ఆపింది నేను కాదు. ఒక్క గూటం దగ్గర తవ్వకం ఆపమన్నాను. మిగతా నూట ముప్పై అయిదు చోట్లా గోతులు తీసుకోవచ్చని జనవరి నుంచీ ఒక్కొక్కటిగా రాసిస్తూనే ఉన్నాను. ఆ కాగితాలు ఇంజనీరు గారి దగ్గరున్నాయి. వరండాలో మాట ఆపేవాళ్లకి చూపించు.

పిల్లల సంగతి నాకు పట్టదనుకున్నావా? ఆ మాట నువ్వు నోటితో అనలేదు, ఉత్తరమంతా అదే ఉంది. ఇరవై ఏళ్లుగా నా పని చూస్తున్నవాడివి, ఎవరో ఏదో అనగానే వాళ్ల పక్కన చేరావు.

ఇక్కడ ఉన్నదేమిటో చూడకుండా మాట్లాడకు. అలాగని చూడ్డానికి రానూ వద్దు. ముఖ్యంగా మరదల్ని తీసుకురావద్దు.

పదకొండు సెకన్లని ఎందుకు రాశావు? పది అని రాయొచ్చు, నిమిషమని రాయొచ్చు.

అక్క

*

మార్చి 12

అక్కా,

కోపంతో రాయకూడదని ఆరు రోజులు ఆగాను.

నీ డ్రైవరు ఉత్తరం ఇచ్చి, మంచినీళ్లు తాగి, గుమ్మంలో నిలబడి నీ మరదలితో మంచిగానే కబుర్లు చెప్పాడు. "అక్కడంతా పసిపిల్లల కుండలమ్మా. ఒక్కో కుండలో ఒక్కో బిడ్డ. మేడమ్ గారు వాటి పక్కనే కూర్చుని భోంచేస్తారు" అన్నాడు. అతనికేం తెలుసు. ఇంటికొచ్చేసరికి తను మిషను ముందే ఉంది. సూది కింద గుడ్డ ఉంది, కాలు కదలడం లేదు. "నీకు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. నమ్మలేదు.

వంటింటి కుండలు అని రాశావు. నన్ను పసివాడిలా చూశావు. తన విషయంలో భయపడ్డావంటే అర్థం చేసుకుంటాను, నాతో కూడా చెప్పలేకపోయావా?

సరే, దాచినవాడిని నేను కూడా. పదకొండు ఎందుకని అడిగావు కదా.

పాప పుట్టిన రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు నాలుగు సెకన్లలో అందుకోవాలి. ఆ పూట నేను ఫిల్టరు మారుస్తూ దాన్ని విప్పి పెట్టుకున్నాను. బిగించి తిప్పేసరికి పదకొండు సెకన్లయింది, షెడ్డులో గోడ గడియారం ఎదురుగానే ఉంది. పాపకి గాలి అందించే మెషినులో బ్యాటరీ అప్పటికే పాడై ఉంది, కొత్తది అడిగి నెలలయింది. సాయంత్రం ఆరింటికి పాప పోయింది. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ నాతో రోజూ పనిచేస్తుంది, ఇంకేం చెబుతుంది? నీ మరదలికి ఇది తెలియదు. తెలిస్తే నా మొహం చూస్తుందా?

అందుకే ఆ లైను కావాలి నాకు. ఎవరూ ఇంకెప్పుడూ నా మీద ఆధారపడకూడదు.

తమ్ముడు

*

మార్చి 14

నా తమ్ముడూ,

నీ ఉత్తరం రెండు రోజులుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ పదకొండు సెకన్ల గురించి నేనేమన్నా నీకు అక్క ఓదార్పులాగే వినిపిస్తుంది. ఒక్కటే అంటాను. ఏడాది పాటు ఒక్కడివే మోశావు, మోస్తున్నావని నేను కనిపెట్టలేకపోయాను. దానికి నన్ను క్షమించు.

అవి వంటింటి కుండలే. ఆ మాట అబద్ధం కాదు. లోపల ఏముందో రాయలేదంతే. మొదటి కుండ తెరిచిన రోజు నీకు ఉత్తరం మొదలుపెట్టాను, నాలుగుసార్లు చింపాను. ఫిబ్రవరి కదా. ఏ మాట రాసినా ఆ మాట నీ ఇంటి గుమ్మంలోకి వస్తుందనిపించింది. చివరికి వేరేవాళ్ల నోట వచ్చింది, అంతకన్నా అన్యాయంగా.

ఇప్పుడు అన్నీ చెబుతాను. చదవాలనిపించకపోతే ఈ పేరా వదిలెయ్. ఇరవై ఒక్క జతల కుండలున్నాయి. మూడింటినే పూర్తిగా తెరిచాం, మిగతావి పైనుంచి చూశాం. రెండేసి కుండలు మూతికి మూతి ఆనించి, పక్కకి పడుకోబెట్టి ఉన్నాయి. లోపల బిడ్డ ముడుచుకుని ఉంటుంది, కడుపులో ఉన్నట్టే. ఎముకలు చూసే డాక్టరు ఎవరికీ నెల దాటలేదన్నాడు. పెద్దవాళ్లని వాళ్లు దూరంగా, వాగు అవతల పూడ్చారు. వీళ్లని మాత్రం ఇంట్లోనే, పొయ్యి పక్కన, తాము పడుకునే చోట, నేల కింద. రెండు మూతులు కలిసిన చోట తడిమట్టి మెత్తారు. ఆ మట్టి మీద బొటనవేళ్ల గుర్తులున్నాయి. ఒకచోట పెద్ద వేలు, పక్కనే కొంచెం చిన్న వేలు. ఇద్దరు కూర్చుని మెత్తారు.

రోజూ వాటి పక్కనే కూర్చుంటాను, నిజమే. వదిలి దూరంగా వెళ్లి తినాలనిపించదు.

ఇక పని సంగతి. నాకు రెండు దారులున్నాయి. అంత ముఖ్యమైనవి కావని రాసి, తొమ్మిది రోజుల్లో పెకిలించి పెట్టెల్లో సర్దేస్తే టవరు అనుకున్న చోటే, అనుకున్న రోజుకే లేస్తుంది. లేకపోతే టవరుని అరవై మీటర్లు వెనక్కి, బండ మీదికి జరపాలి. అప్పుడు తీగ ఈ దిబ్బ మీదుగా పోతుంది, నేల ఎవరూ ముట్టుకోరు. ఇంజనీరు గారు గడ్డిలో కూర్చుని లెక్క వేశారు. దానికి ఇంకా ఎత్తు టవరు కావాలి, అది తయారై రావడానికి రెండు నెలలు పడుతుంది. నిలబెట్టి తీగ లాగేసరికి వానలొచ్చేస్తాయి.

నేను రెండోదే రాస్తున్నాను. నిన్ను అడగడం లేదు, అడిగితే ఆ బరువు కూడా నీ మీదే పెట్టినట్టవుతుంది. ఇంకెవరో చెప్పకముందే నా నోటితో నీకు చెబుతున్నాను. ఈ రెండు నెలల్లో నీ వార్డులో ఏదైనా జరిగితే నేను ఎలా బతుకుతానో నాకు తెలియదు. అది తెలిసే సంతకం పెడుతున్నాను. గాలి మెషిన్లకి బ్యాటరీలు వెంటనే ఇమ్మని నా నివేదికతో పాటు ఇంజనీరు గారూ నేనూ కలిసి ఒక కాగితం పెడుతున్నాం. పురావస్తు నివేదికలో ఆసుపత్రి బ్యాటరీలేమిటని నవ్వుతారేమో, నవ్వనీ.

సోమవారం నగరానికి వెళ్లి ఇచ్చి వస్తాను.

మీ అక్క

*

మార్చి 30

మట్టక్కా,

నువ్వు లేనప్పుడు వచ్చాం. వద్దన్నావు గానీ, నీ ఉత్తరంలో మొదటి కాగితం దాచి, మిగతాది తనకి చదవనిచ్చాను. వదలమన్న పేరా రెండుసార్లు చదివింది. గురువారం డ్రైవరు వచ్చేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

నువ్వు నగరంలోనే చిక్కుకున్నావని మేస్త్రీ చెప్పాడు. మాకు టీ ఇచ్చి, ఏమీ అడక్కుండా దిబ్బ మీదికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం. అంత ఎండలోనూ అక్కడ చల్లగా ఉన్నట్టనిపించింది. గడ్డి కదులుతోంది, చప్పుడు లేదు. చాలాకాలం కిందట వచ్చి మరిచిపోయిన ఇంటికి మళ్లీ వచ్చినట్టుంది. నీ ఉత్తరాల్లో మాటలు అతి అనుకునేవాణ్ణి.

తను గుంత అంచున కూర్చుంది. ఆ బొటనవేళ్ల గుర్తులు చూపించమంది. తన వేలు వాటి దగ్గరిదాకా తీసుకెళ్లి, తాకకుండా పట్టుకుంది. "వీళ్లని పెట్టినవాళ్లెవరో తెలుస్తుందా?" అని అడిగింది.

"తెలియదమ్మా" అన్నాడు మేస్త్రీ. "తొందరపడలేదని మాత్రం తెలుస్తుంది. మట్టి మూడుసార్లు మెత్తారు."

ఆయన పక్కకి వెళ్లాక నేను చెప్పేశాను. ఫిల్టరు, షెడ్డు, గడియారం, పదకొండు. తల దించుకునే చెప్పాను. తను ఆ గుర్తుల దగ్గర్నుంచి వేలు వెనక్కి తీసుకుంది. తర్వాత "తొమ్మిది" అంది.

"ఏమిటి తొమ్మిది?"

"ఫ్యాను ఆగింది. మంచం మీద పడుకుని నేనూ లెక్కపెట్టాను. తొమ్మిదికి మళ్లీ తిరిగింది. నేను మెల్లగా లెక్కపెట్టలేదు, నువ్వే పొడుగు చేసుకున్నావు."

ఆ తర్వాత ఇంకో మాట చెప్పింది, అక్కా. ఆ పొద్దున నర్సుని బతిమాలి పాపని పెట్టెలోంచి తీయించుకుందట. ఒక్క నిమిషం ఎత్తుకుంటానని. ఆ నిమిషం వల్లే పాప పోయిందని ఏడాదిగా అనుకుంటోంది. నాకు తెలిస్తే మొహం చూడనని భయపడిందట. నేను ఏ మాట రాశానో సరిగ్గా ఆ మాటే.

ఒకే ఇంట్లో ఏడాది. ఒకే అన్నం.

ఇద్దరం ఏడ్చాం. మేస్త్రీ అటు తిరిగి జల్లెడ పడుతూ కూర్చున్నాడు. మట్టి అయిపోయినా పడుతూనే ఉన్నాడు.

ఎండకి పాడవకుండా గుంతలు పూడ్చేయమని నువ్వు చెప్పి వెళ్లావట. కుండల మీద పల్చటి గుడ్డ పరిచి, జల్లించిన మట్టి పోస్తున్నారు. మేమూ పోస్తామని తను అడిగింది. మేస్త్రీ ఆలోచించి, "పార వద్దు, చేతులతో పోయండి" అన్నాడు. సాయంత్రం దాకా పోశాం. పాపని మేం మా చేతులతో పంపలేదు, నీకు తెలుసు. ఆసుపత్రివాళ్లే అన్నీ చూశారు, నేను ఒక కాగితం మీద సంతకం పెట్టానంతే. ఈ మట్టి పోస్తున్నప్పుడు అదంతా నా వేళ్లకి వచ్చింది. తను ఒక్కో దోసిలి పోసి, అరచేత్తో సర్ది, మళ్లీ పోసింది. నేను వేగంగా పోస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

సంతకం పెట్టు. పెట్టేసి ఉంటావు. రెండు నెలలు నేను ముసలాయన్ని నిద్రపోనివ్వను.

నీ ఫ్యూజు

*

జులై 18

మట్టక్కా,

ఎక్కడ ఉన్నావో, ఏ గూటం దగ్గర వంగి ఉన్నావో. ఇది నీ ఆఫీసు అడ్రసుకి పంపుతున్నాను.

బ్యాటరీలు ఏప్రిల్ చివర్లోనే వచ్చాయి. నవ్వినవాళ్లు నవ్వారట, ఎవరో ఒకరు మాత్రం నవ్వకుండా సంతకం పెట్టారు. ఈ నెలల్లో ముసలాయన మూడుసార్లు మొరాయించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మేలో ఒక బిడ్డ పోయింది, దాని కారణం వేరు. అయినా నేను ఆ రోజు డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఈసారి నీ మరదల్ని కూడా తీసుకెళ్లాను. మా పాప కాగితాలు బయటికి తీయించి, ఊపిరితిత్తులు ఎలా తయారవలేదో ఆవిడ మళ్లీ మొదటినుంచీ చెప్పింది. "మీరిద్దరూ విడివిడిగా వచ్చి అడిగారు. ఇద్దరికీ ఇదే చెప్పాను" అంది. తను కూడా వెళ్లి అడిగిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఈసారి కలిసి విన్నాం. సగం నమ్మకం కుదిరింది. మిగతా సగానికి టైము పడుతుంది.

మధ్యాహ్నాలు తను వార్డుకి వస్తోంది. తల్లులు లేవలేని పిల్లల్ని గుండెకి ఆనించుకుని కూర్చుంటుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు.

నిన్న మూడుంపావుకి లైను ఇచ్చారు. ఇంజనీరు గారు స్వయంగా వచ్చారు, నిన్ను అడిగారు. దిబ్బ మీద గడ్డి మళ్లీ మోకాలెత్తు పెరిగిందని, తీగ నీడ ఉదయం పూట దాని మీదుగా జరుగుతుందని చెప్పారు. స్విచ్చి మార్చి, షెడ్డులోకి వెళ్లి జనరేటరు ఆపేశాను. వార్డులో ఎవరూ గమనించలేదు. గమనించకపోవడమే కదా కావలసింది.

నాకు ఏం చేయాలో తోచలేదు. వెళ్లి వార్డు మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి తను బయటికొచ్చింది.

"ఇక్కడ కూర్చున్నావేం?"

"ఏమీ లేదు. వింటున్నాను."

"ఏం వినబడుతోంది?"

మెట్టు మీద పక్కకి జరిగాను. తను పక్కన కూర్చుంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపల ఎవరి పాపో నిద్రలేచి ఏడ్చింది, గట్టిగా, ఊపిరి నిండా. తను లేవబోయి, నా భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చుంది.

"వాళ్లమ్మ ఉందిలే" అంది.

నీ తమ్ముడు